నాలుగో దెబ్బ

“ఇదేం పాటరా, లిఫ్టులో ఇరుక్కున్నోని ఏడుపు మాదిరి ఉండాది!” హెడ్‌ఫోన్లు పెట్టుకున్న నాగరత్న తమ్ముణ్ణి దెప్పింది.

ఓబులేసు నవ్వలేకపోయాడు. సొంతూళ్లో ఓబులేసు, బెంగళూరులో ఓబీ. మహానగరపు ఒంటరితనం మీద కంప్యూటర్లో తొమ్మిది పాటలు కట్టాడు. ఆ పనిలో పడి ఫోను ఎత్తలేదు, నాయన పోతే మట్టి వేయడానికీ అందలేదు. ఆ తర్వాత ఆర్నెల్లుగా అక్క అతని ఫోను ఎత్తలేదు. అందుకే పాటలు పట్టుకుని ధర్మవరం వచ్చాడు.

“పాట కింద మోగేది బీటు అక్కా.”

“బీటో, బీటలో...” అంటూనే ఆమె ఆగిపోయింది. మగ్గం చప్పుడును బట్టి నేసేదెవరో చెప్పగల చెవి ఆమెది. “నాయన మగ్గం చప్పుడు నీకు యాడ దొరికిందిరా?”

“మగ్గం కాదక్కా, మెషీను. నేనే కొట్టినా.”

“మూడు దెబ్బలు సరిగ్గా పడి, నాలుగోది ఆలస్యమవుతాది. నాయన కుంటికాలుతో తొక్కేది అట్లనే కదా?”

ఓబులేసు హెడ్‌ఫోన్లు తీసుకుని విన్నాడు. తన స్టైలనుకున్నాడు ఇన్నాళ్లూ. తొమ్మిది పాటల్లోనూ అదే కుంటు.

“అక్కా, నేను...”

“మాట్లాడొద్దు. ఇట్లియ్యి.” హెడ్‌ఫోన్లు మళ్లీ పెట్టుకుని, మూలనున్న ఖాళీ మగ్గం వైపు తిరిగింది. “ఇంగ కొంచేపు నేయనీ నాయనను.”