పచ్చ లైటు

సముద్రంలో గాలిమరలు బాగుచేసే సత్తిబాబు కాకినాడలో ఇల్లు చేరిన వారానికి, భార్య నాగసుధకు తలొంచుకుని అసలు మాట చెప్పాడు.

"రేవులో ఒకావిడ దగ్గరకెళ్ళేను. జాగ్రత్త కూడా తీసుకోలేదు."

ఊళ్ళో ప్రతి బాత్‌రూమూ మూత్రం పరీక్షించి తలుపు మీద లైటు వెలిగించేది. జబ్బుంటే ఎర్రది, లేకపోతే పచ్చది, ఇంటిల్లిపాదికీ, వచ్చిపోయేవాళ్ళకీ కనబడేలా. నాగసుధ ఎర్రదొస్తుందేమోనని మధ్యాహ్నందాకా బిగబట్టుకుని, ఇక ఆగలేక వెళ్ళింది. పచ్చ లైటు వెలిగింది.

"చూశావా, ఏం లేదు!" సత్తిబాబు ప్రాణం లేచొచ్చినట్టు అన్నాడు.

"అప్పుడే ఏం తెలుస్తాదండీ? కొన్ని జబ్బులు వారాలదాకా పరీక్షకి దొరకవు. కొన్నిటికి రక్తం చూడాలి. ఈరోజే ఇద్దరం ఆస్పత్రికెళ్దాం. డాక్టరు రమ్మన్నప్పుడు మళ్ళీ వెళ్దాం."

హాల్లోంచి అత్తగారు వచ్చింది. "పచ్చ లైటొచ్చిన మనిషికి ఆస్పత్రెందుకే?"

నాగసుధ భర్త వైపు చూసింది. అతను గోడకేసి తిరిగి, "అదే నేనూ అంటున్నానమ్మా" అన్నాడు.

ఆమె చెప్పులేసుకుంది.

"ఎవరైనా అడిగితే ఒంట్లో బాలేదని చెప్పండత్తయ్యా."

"లైటు పచ్చగా ఉంటే ఎవరు నమ్ముతారే?" అంది అత్తగారు, వీధి తలుపుకి అడ్డంగా నిలబడి.