మంచుపూల దొంగ

దొంగ దొరికాడు.

జపాన్‌లోని సాడో దీవి కొండల మీద మంచు ఇంకా పూర్తిగా కరగలేదు. ఓక్ చెట్ల కింద నీలం మంచుపూలు అప్పుడే తలలెత్తుతున్నాయి. వాటి మధ్య ఓ ముసలాయన మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నాడు. చేతిలో చిన్న పార, పక్కన బుట్ట నిండా వేళ్ళతో సహా మొక్కలు.

కినుయేకి ఒళ్ళు మండిపోయింది.

ఆ కొండవాలుకి ఆమే కాపలా. ఎవరూ పెట్టలేదు, తనే పెట్టుకుంది. ఒకప్పుడు కుండీల్లో పెట్టి అమ్ముకునేవాళ్ళు తవ్వుకుపోతే వాలంతా బోడిగా మిగిలింది. ఈ పూల గింజల్ని మోసేవి చీమలు, అదీ నాలుగు జానల దూరమే. ఒకసారి పోతే మళ్ళీ రావడం మాటలు కాదు. అయినా కొన్నేళ్ళుగా వాలు నిండుతోంది. తన నోటికి జడిసి దొంగలు రావడం మానేశారని, చీమలు తీరిగ్గా పనిచేసుకుంటున్నాయని కినుయే ఊరంతా చెప్పుకునేది.

"అది కాదమ్మా..." అంటూ లేవబోయాడు ముసలాయన.

"పార చేతిలో పెట్టుకుని ఏది కాదయ్యా? జుట్టు నెరిసింది, సిగ్గు మాత్రం రాలేదు."

ఆయన మళ్ళీ ఏదో అనబోయాడు. ఆమె సాగనిస్తేగా. తిట్టీ తిట్టీ ఆమె ఆగేసరికి ఆయన ఆయాసపడుతున్నాడు. ముసలిప్రాణం, జాలేసింది. ఫ్లాస్కులోని టీ పోసిచ్చి, తనకని తెచ్చుకున్న అన్నపుముద్దలో సగం పెట్టింది. ఆయన తలవంచి అందుకున్నాడు.

"తిన్నావుగా, ఇక పద. మళ్ళీ ఇక్కడ కనిపిస్తే పోలీసులకు పట్టిస్తాను."

"రానులేమ్మా. వేళ్ళు ఎండకముందే వాటిని మట్టిలో పెట్టు, చాలు."

దొంగకి ఎంత దయో అని గొణుక్కుంటూ కినుయే సాయంత్రం దాకా నాటింది.

మరుసటి వసంతంలో సాయొకొ అనే నడివయసావిడ మంచుపూల కుండీలున్న పెట్టె మోసుకుని, కినుయేని వెతుక్కుంటూ వాలు మీదికి వచ్చింది. ఆ ముసలాయన కూతురట. ఆయన చలికాలంలో పోయాడట.

కినుయేకి మనసు చివుక్కుమంది. "అయ్యో. తవ్వుకెళ్ళినవి తిరిగి తెచ్చావా? మంచి పని చేశావమ్మా."

సాయొకొ పెట్టె కింద దించి, కాదన్నట్టు తలూపింది. తర్వాత మెల్లగా చెప్పింది. వాళ్ళమ్మ పుట్టిల్లు కొండకి అవతలి ఊరట. రేకు అంచున సన్నని తెలుపు ఈ వాలు పూలకే ఉంటుందని ఆవిడే ఆయనకు చూపించిందట. ఆవిడ పోయాక, పట్నంలో ఏ పూలకొట్టులో ఆ తెల్లంచు కనబడినా ఆయన కొనకుండా కదిలేవాడు కాదట.

"మరి నాతో ఒక్క మాట చెప్పలేకపోయాడా?"

"చెప్పబోతుంటే మీరు టీ ఇచ్చారట. ఆ టీ గురించి చాలాసార్లు చెప్పి నవ్వేవాడు."

కినుయే ఆకుల మీద కూర్చుని, పెట్టెలోని ఓ పూరేకు తెల్లంచుని వేలితో తడిమింది. సాయొకొ పక్కన కూర్చుని ఆమె చెయ్యి పట్టుకుంది.

"ఆ ఒక్కరోజే కాదు పెద్దమ్మా, ఇన్నేళ్ళూ నాన్న ఈ కొండ మీద తవ్విందంతా నాటడానికే."