మంగళవారం లోపల ఒక్క మాట

దెబోరా కుడిచేతిని యేసుదాసు తన గొంతు మీద పెట్టుకున్నాడు. పిల్ల ఎడమచేతి వేలిని తన ముక్కుకు ఆనించుకున్నాడు.

"నాయనా" అన్నాడు. మళ్లీ అన్నాడు. పొద్దున్నుంచి అది నూరోసారో, నూటయాభయ్యోసారో.

"దా" అంది దెబోరా.

ఏడేళ్ల పిల్ల. రెండో ఏట జ్వరం వచ్చి చెవులు పోయాయి. చెవిన పడని మాట నోటికెలా వస్తుంది?

యేసుదాసు ఆళ్లగడ్డ మిషన్ బడిలో ఒకటో తరగతి అయ్యవారు. పదిహేనేళ్లుగా ఊరి పిల్లలకు అక్షరాలు నేర్పుతున్నాడు. సొంత కూతురి నోట ఒక్క మాట విననే లేదు.

నేర్పితే రాదా అంటారేమో. మీరే ఓసారి 'న' అని చూడండి. నాలుక పైపళ్ల వెనక ఆనుతుంది. గాలి ముక్కులోంచి పోతుంది. ముక్కు సన్నగా అదురుతుంది. నాలుక అక్కడే ఉండి, గాలి నోట్లోంచి పోయిందా, అది 'ద' అయి కూచుంటుంది. ఉన్న తేడా అంతే. వినపడని పిల్ల ఆ కాస్త తేడానూ వేలితో తడిమి తెలుసుకోవాలి.

పోయిన వారమే భార్యాభర్తలూ పిల్లా ముగ్గురూ నంద్యాల వెళ్లొచ్చారు. డాక్టరు గొంతులోకి చిన్న అద్దం పెట్టి చాలాసేపు చూశాడు. కర్నూలు పెద్దాసుపత్రికి చీటీ రాశాడు. మంగళవారం చేరాలనీ, ఆపరేషను ఆలస్యమైతే ప్రాణానికే ముప్పనీ చెప్పాడు.

అప్పట్నుంచి వీధిలో ఎవరు ఎదురైనా దెబోరా తల నిమిరి కళ్లు తుడుచుకుంటున్నారు.

యేసుదాసు బడికి సెలవు పెట్టాడు. మంగళవారం లోపల ఆ పిల్ల నోట "నాయనా" అనిపించాలి. ఇంకేమీ అక్కర్లేదు.

ఇత్తడి బిందెలో మూతి పెట్టి "నా..." అన్నాడు. బిందె ఝుమ్మంది. దెబోరా రెండు అరచేతులూ బిందెకు అంటించి కిలకిలా నవ్వింది. నవ్విందే గానీ 'దా' మాత్రం మారలేదు.

"ఇంగ సాలు. ఇన్ని నీళ్లు తాగు" అంది భార్య సలోమి. చెంబు అందించింది.

పక్కింటి రంగమ్మకు చూడబుద్ధి కాలేదు.

"ఏందన్నా, పిల్లను ఇట్ల సతాయిస్తాండావ్? ఆపరేషనైనాక నిదానంగా నేర్పుకోరాదా?"

"అయినాక ఇంగ నేర్పేదుండదు లేమ్మా" అన్నాడు యేసుదాసు.

రంగమ్మ కొంగు మూతికి అడ్డం పెట్టుకుని ఇంట్లోకి వెళ్లిపోయింది.

ఆదివారం చర్చికి కూడా పోలేదు. సోమవారం సాయంత్రానికి ఓపిక నశించింది. "దా" అనగానే చెంప మీద ఒక్కటిచ్చాడు. పిల్ల బిత్తరపోయింది. యేసుదాసుకు తన మీద తనకే అసహ్యం వేసింది. మోకాళ్ల మీద తల పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చాడు. ఏం తోచిందో ఏమో, కాసేపటికి ఆ పిల్లే దగ్గరికొచ్చి ఆయన గొంతు మీద చెయ్యి పెట్టింది.

మంగళవారం పొద్దున్నే బస్సెక్కారు. కిటికీ పక్కన కూచుని మళ్లీ మొదలుపెట్టాడు. బస్సంతా గడగడా అదురుతోంది. ఏది ఇంజనో, ఏది నాయన గొంతో ఆ పిల్లకు తెలియలేదు. నంద్యాల దాటింది. పాణ్యం దాటింది. యేసుదాసు మనసు రాయి చేసుకున్నాడు.

ఆసుపత్రి వరండాలో బల్ల మీద కూర్చోబెట్టారు. చుట్టూ ఫినాయిల్ వాసన. లోపలికి పిలిచేందుకు ఇంక పది నిమిషాలు కూడా లేవు.

"ఒక్కసారి, నా తల్లీ" అన్నాడు. పెదాలు కదిలించి చూపించాడు. "నా... య... నా."

దెబోరా వేలు ఆయన ముక్కు మీద ఆగింది. తర్వాత ఆ వేలిని తన ముక్కు మీద పెట్టుకుంది. కళ్లు మూసుకుంది.

"నా... య్య... నా!"

వంకరగా వచ్చింది. బిగ్గరగా వచ్చింది. వరండాలో వాళ్లంతా తిరిగి చూశారు. యేసుదాసు కూతుర్ని గుండెలకు అదుముకున్నాడు. సలోమి గోడ వైపు తిరిగి నిలబడింది.

అంతలో లోపలి నుంచి నర్సు వచ్చి, "స్వరపేటిక తీసేసే ఆపరేషను ఎవరికప్పా?" అని అడిగితే, యేసుదాసు కూతుర్ని సలోమికి అప్పగించి లేచి, "నాకేనమ్మా" అన్నాడు.