ఛాతీకి ఆనించిన చెవి

"మా మోత్యాను తిన్నది నువ్వే!"

లచ్చి దోసెడు దుమ్మెత్తి ముసలామె మొహాన కొట్టింది.

తండా అంతా మూగింది. ఈ ముసలామె ఎవరో ఎవరికీ తెలియదు. గాంధారి నుంచి ఆటోలో వస్తుంది. ముప్పై దాటిన మగవాళ్లను వెతుకుతుంది. ఛాతీకి చెవి ఆనిస్తుంది. "దవాఖానకు పో" అంటుంది.

పోయిన వారం లచ్చి పక్కింటి మోత్యా ఛాతీకి ఆనించింది. మోత్యా నవ్వాడు. ఆ వారంలోనే మక్కచేనులో బోర్లా పడి ప్రాణం విడిచాడు.

ఇవాళ లచ్చి కొడుకు ప్రేమ్‌సింగ్ వంతు.

మొహం మీది దుమ్ము కూడా తుడుచుకోలేదు ముసలామె.

"కొట్టుకుంటున్నది లచ్చీ. కానీ నడుమ నడుమ ఆగుతున్నది. కామారెడ్డికి తీస్కపో."

లచ్చి ఆమెను ఎగాదిగా చూసింది. ఆ గొంతు ఎక్కడో విన్నది. ఆ మొహం మాత్రం ఎన్నడూ చూడలేదు.

"నా పేరు నీకెట్ల ఎరుక?"

"వీడు కడుపుల ఉన్నప్పుడు చెరుకు కొట్టనీకి పోయినవ్. పారిపోతరని మేస్త్రీ కొట్టంల ఏసి తాళమేసిండు. బుక్కెడు బువ్వ లేదు..."

"ఎవలు చెప్పిన్రే నీకు? బాణామతి చేస్తున్నవా?"

"జర ఇను లచ్చీ. ఆ చీకట్ల..."

లచ్చి వినలేదు. వింటే ఏం పోయేది?

ప్రేమ్‌సింగే ఆమెను రోడ్డు దాకా గెంటి వచ్చాడు. వచ్చేసరికి అతని పెదాలు నల్లబడ్డాయి.

"ఎండకు" అన్నారందరూ.

మర్నాడు చెరుకు లారీ వచ్చింది. మేస్త్రీ దివాకర్ దిగాడు. ఆనాడు తాళం వేసినవాడి కొడుకు. మొగుడూ పెళ్లామూ కలిస్తేనే అతనికి ఒక జోడీ. ఒక్కరొస్తే పని లేదు. అందుకే కడుపుతో ఉన్న పెళ్లాం సునీల కూడా ప్రేమ్‌సింగ్ వెనకే నిలబడింది.

"ఎక్కు ఎక్కు. మీ అత్త కడుపుతోని చెరుకు కొట్టలేదా? నీ మొగడు పుట్టలేదా?" దివాకర్ నవ్వాడు.

ఇద్దరూ లారీ ఎక్కారు.

అప్పుడే ఎల్లారెడ్డి నుంచి ఒక పడుచు వచ్చింది. పేరు నిరోష.

"అవ్వా, నిన్న మా అత్త సాలవ్వ ఈడికొచ్చిందా? గాంధారి బస్టాండ్ల కూసున్నది కూసున్నట్టే పాణమిడిసింది."

అందరూ లచ్చి వైపు చూశారు.

"మా ఇంటాయన గుండె ఆగి పోయిండు. తల్లి కడుపుతోని పడ్డ గోస పిల్లల గుండెకు తగుల్తదట, పెద్దగైనంక బయటపడొచ్చట. డాక్టర్ సాబ్ అన్నడు. మా అత్త గూడ కడుపుతోని చెరుకు మేస్త్రీ తాళమేసిన కొట్టంల ఉండె. కొడుకు పోయినప్పటిసంది తండా తండా తిరిగి, ఆ కొట్టంల తనతోని ఉన్న తల్లుల పిల్లలను ఎతుకుతున్నది. చీకట్ల మొహాలు కనవడలేదట. పేర్లే యాదికున్నయట."

లచ్చి చెయ్యి తన పొట్ట మీదికి తానే పోయింది.

లారీ ఇంజన్ మొదలైంది.

లచ్చి పోయి చక్రం ముందు కూర్చుంది.

"లే అవ్వా, పిచ్చి లేసిందా?" దివాకర్ హారన్ కొట్టించాడు.

"తొక్కిచ్చు! మీ అయ్య తాళమేసిన నాడు, తెల్లారేదాక నా కడుపుకు చెవి ఆనిచ్చి 'కొట్టుకుంటున్నది లచ్చీ' అని నాకు పాణం పోసిన సాలి మొహాననే నిన్న దుమ్ము కొట్టిన! దింపు నా కోడల్ని. నా కొడుకును నీ లారీలనే దవాఖానకు తోలు. ఇప్పుడే తోలు!"