కోట కిటికీ

"ఓడ కెప్టెన్ పెళ్ళాం ఈ కిటికీలోనే కూర్చుని మొగుడి కోసం ఏళ్ళ తరబడి ఎదురుచూసిందండీ!" అన్నాడు కోట గైడు, గొంతులో కాస్త వణుకు కలిపి.

సెలవులకొచ్చిన జనమంతా అయ్యో పాపం అన్నారు. వెనక నుంచి గడ్డిటోపీ ఆవిడ చెయ్యెత్తింది.

"ఆ మహానుభావుడు ఆవిణ్ణి ఒక్కసారైనా ఓడెక్కించాడా?"

గైడు అప్పుడు చూశాడు టోపీ కిందికి. గబుక్కున పక్కనున్న ఫిరంగి వైపు తిరిగాడు. "చరిత్రలో లేదండీ."

"ఊళ్ళోవాళ్ళందర్నీ మాత్రం ఎక్కించుకు తిరిగేవాడేం?"

జనం ఘొల్లున నవ్వారు. గైడు ఫిరంగి కథ సగంలోనే మింగేసి, అందర్నీ గబగబా గేటు దాటించి బస్సెక్కించాడు. బస్సు కదిలింది. గడ్డిటోపీ మాత్రం కదల్లేదు.

"పరువు తీశావు కదే! ఇక ఇంటికి పద," అన్నాడు గైడు.

"కాపురానికొచ్చినప్పటి నుంచీ కోట చూపించమంటే రేపు, రేపు అన్నారు. ఇవాళ టిక్కెట్టు కొనుక్కుని నేనే చూశాను. సముద్రం ఎదురుగా హోటల్లో గది కూడా తీసుకున్నాను. వంటింటికి రెండ్రోజులు సెలవు."

"మరి నేనో?"

ఆవిడ టోపీ సర్దుకుంది.

"మనింటికీ కిటికీ ఉందిగా. కూర్చోండి."