కెప్టెన్ చివరి మాట

"కన్నదానివై ఉండి వాణ్ణి నువ్వే చంపుతావుటే?" పొద్దుటినుంచీ అత్తయ్యది ఇదే గొడవ.

ఊళ్ళో ప్రతి కుక్కరూ నా నవలల్లో హీరో కెప్టెన్ విహారి గొంతుతోనే మాట్లాడుతుంది. కుక్కర్ల కంపెనీ చెప్పినట్టు అతని కథతో నవలలు రాయడం నా ఉద్యోగం. ఈ నవలలో అతను చనిపోవాలట. అప్పుడు కుక్కర్లలోనూ గొంతు మారిపోతుంది.

"పప్పు ఉడికిందమ్మా. ఇక వెళ్తాను," అంది మా కుక్కరు.

"వెళ్తానంటార్రా ఎవరైనా, అశుభం! వెళ్ళొస్తాననాలి," అని అత్తయ్య కసిరింది.

"అమ్మా, అది కుక్కరే," అని మా ఆయన నవ్వాడు.

"అయితే? రోజూ వండిపెట్టేవాడికి ఆ మాత్రం నేర్పొద్దూ?"

నేను లేచి వెళ్ళి, నవల చివరి పేజీలో ఒక్క మాట దిద్దాను.

భోజనాల దగ్గర అందరికీ పప్పు వడ్డిస్తూ మెల్లగా చెప్పాను. "కెప్టెన్ పోతాడు. కానీ 'వెళ్ళొస్తాను' అనే పోతాడు."