మనలో ఒకరి బిడ్డ

“జబ్బుతో ఉన్నోళ్ల పేర్లు చెప్పండప్పా, ప్రార్థన చేద్దాం,” అన్నారు చర్చిలో అయ్యగారు.

నేను బైబిలు పేజీలు తిప్పుతూ కూర్చున్నాను. నా కూతురు షెకైనాకు టీబీ అని బళ్లారి ఆసుపత్రి కంప్యూటరుకే తెలుసు. అందులోని వివరాలు దొంగలు ఎత్తుకుపోయినా వాళ్లకు పిచ్చిగీతలే కనిపిస్తాయట. బిడ్డ ఫోనుకొచ్చే ఓటీపీ చెప్తేనే దాని రికార్డు తెరుచుకుంటుందట. ఇక్కడ తెలిస్తే మా గడప ఎవరూ తొక్కరని నా భయం.

పక్కనున్న యూనీసక్క గొంతు తగ్గించింది. “షెకైనా రాలేదేంది?”

“పరీక్షలుండాయక్కా.”

“మే నెల్లో యాడి పరీక్షలే?”

తల దించుకున్నాను.

“సరే, చెప్పద్దులే.” అక్క లేచి నిలబడింది. “అయ్యగారూ, మనలో ఒకరి బిడ్డకు బాగలేదు. పేరు దేవునికి తెలుసు.”

అందరూ కళ్లు మూసుకున్నారు. ఎవరు నావైపు చూస్తారోనని నేనొక్కదాన్నే కళ్లు తెరుచుకుని కూర్చున్నాను.

ఒక్కరూ చూడలేదు.